తోట కోసం వికారాబాద్ దాకా

నేను ఒంటరిగా రైలెక్కింది ఆ ఒక్కసారే. అదీ తీర్థానికి కాదు, పెళ్లికి కాదు, గొడవ పెట్టుకోవడానికి. అయినా దారి అందరికీ ఒకటే కనుక, హఫీజ్‌పేట నుంచి వికారాబాద్ పోవాలనుకునే వారికి పనికొస్తుందని అన్నీ వరుసగా చెబుతాను.

రాజ్యం మారిన మరుసటి ఏడు. వానలు వెనకబట్టి సీతాఫలాలు కళ్లు విచ్చుతున్న రోజులు. గురువారం మధ్యాహ్నం వికారాబాద్ నుంచి ఒక మనిషి వచ్చి మా ఆయనకు కబురు చెప్పి పోయాడు. మా ఆయన అన్న, అంటే నాకు బావ, రామయ్య పంపిన కబురు అది. వచ్చే బుధవారం పట్నం నుంచి రాళ్ల గుత్తేదారు వస్తాడట. మా మూలికల తోటలో బావ పాలుకు, అంటే వాటాకు, వచ్చే కింది సగం చూసి, అక్కడి పెద్ద రాతి గుండ్లకు సున్నంతో గుర్తులు పెడతాడట. ఆ వెనకే సుత్తెలూ మందుగుండూ దిగుతాయి. మేము అడ్డు రాకూడదట.

మా ఆయన కిష్టయ్య అంతా విని, తల వంచుకుని తిప్పతీగ ముక్కలు కోస్తూ కూర్చున్నాడు. తండ్రి పోయాక ఆయన్ను పెంచింది అన్నే. అన్న మాటకు ఎదురు చెప్పడం ఆ నోటికి రాదు. పొద్దుగూకే దాకా చూశాను. కోసిన ముక్కలే మళ్లీ కోస్తున్నాడు. అప్పుడు చెప్పాను, శనివారం రైలుకు నేను పోతున్నానని.

"పోయి ఏం జేస్తవు? ఆయన ముంగట నిలబడవు, మాట్లాడవు," అన్నాడు.

"పోయినంక జూస్త," అన్నాను.

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. మా ఇళ్లలో తమ్ముడి భార్య బావ ఎదుటికి రాదు. ఆయన కూర్చున్న మంచం పక్కనుంచి నడవదు, ఆయన వింటుండగా గొంతెత్తదు. ఏదైనా చెప్పవలసి వస్తే తలుపు చాటున నిలబడి యారాలికి చెప్పాలి. అంటే బావ భార్యకు. ఆమె ఆయనకు చెబుతుంది. ఆయన జవాబు మళ్లీ ఆమె మీదుగానే రావాలి. నేను కాపురానికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. బావ మొహం సరిగ్గా చూసింది లేదు. ఆయన చెప్పులు మాత్రం ఎక్కడున్నా గుర్తుపడతాను.

తోట ఎరుగని వారికి దాని సంగతి కొంచెం చెప్పాలి. కొండాపూర్ దాటి రాయదుర్గం వైపు పోతుంటే, ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చి మరిచిపోయినట్టు గుండ్లు కనబడతాయి. వాటి నడుమ మా మామగారి తండ్రి వేసిన తోట అది. వానాకాలం నీళ్లు ఆ గుండ్ల కిందికి ఇంకి, ఎండాకాలం దాకా కొద్దికొద్దిగా ఊరుతుంటాయి. ఆ తడికే వస బతుకుతుంది. గుండ్ల నీడన సరస్వతాకు పాకుతుంది. ఎండ పడే పక్క నేలవేము, పెన్నేరు, అడ్డసరం. చుట్టూ వావిలి కంచె. కింది సగంలో గుండ్లు పగలగొడితే ఊట ఆగిపోతుంది. ఊట ఆగితే మా పాలుకు వచ్చే మీది సగం కూడా ఎండిపోతుంది. ఆ సంగతి ఆ తోటలోనే పుట్టి పెరిగిన బావకు తెలియనిది కాదు.

మామగారి కాలంలో పట్నం వైద్యులూ హకీములూ మనుషులను పంపి మూటలు కట్టించుకుని పోయేవారు. తర్వాత సీసా మందులు వచ్చాయి, బిళ్లలు వచ్చాయి, మూటలు తగ్గిపోయాయి. రాజ్యం మారక ముందు, పట్నంలో గొడవలతో రోజులు బాగాలేని ఏడు, తెలిసిన నాలుగు కుటుంబాలు వచ్చి మా గుండ్ల కింద తలదాచుకున్నాయి. ఊరికే కూర్చోలేక మాతో పాటు కలుపు తీశారు, వేళ్లు కడిగారు, ఆకు ఆరబోశారు. పోతూ పోతూ మళ్లీ వస్తామన్నారు. మర్యాదకు అన్నారనుకున్నాను. నిజంగానే వచ్చారు, తమ వాళ్లను కూడా తీసుకొచ్చారు. ముందు శుక్రవారం సెలవుకు వచ్చేవారు. సర్కారు కచేరీలకు ఆదివారం సెలవు అయ్యాక ఆదివారాలు వస్తున్నారు. వచ్చిన వారికి వావిలాకు వేసి కాచిన నీళ్లతో స్నానం. జొన్నరొట్టె, పొన్నగంటి కూర, సుగంధి వేళ్లు నానేసిన కడవ నీళ్లు. పొద్దంతా తోటలో తిప్పి ఏ ఆకు దేనికో చెబుతాను. చెప్పింది వారితో మళ్లీ చెప్పిస్తాను. రాత్రికి ఉండేవారికి పాకలో చాపలు పరుస్తాం. మనిషికి ఇంత అని తీసుకుంటాం. అందులో దాచేదేమీ లేదు.

ఆ తీసుకోవడమే బావకు కంటగింపు అయింది. ఇంటిని హోటలు చేశామని నలుగురిలో అన్నాడట.

ఇంకొక్క సంగతి చెబితే గాని తర్వాత జరిగింది అర్థం కాదు. మా తోటలో ఏ మొక్కనూ ఊరికే పీకరు. ముందు రోజు పొద్దుగూకే వేళ, తీసే మనిషి ఆ మొక్క ముందు నిలబడి మొదట్లో నాలుగు బియ్యపు గింజలు వేసి అడగాలి. ఫలానా వారికి ఫలానా బాధ, వారి కోసం నిన్ను తీసుకుంటున్నాను, నీ పిలకను ఇక్కడే నాటుతాను అని నోరు తెరిచి చెప్పాలి. జబ్బు మనిషి పేరు చెప్పకపోతే అడిగినట్టు కాదు. మర్నాడు పొద్దున ఇనుము తగలకుండా, వాడిగా చెక్కిన కట్టెతో తవ్వి తీయాలి. వచ్చే పట్నం వాళ్లకు అన్నిటికన్నా నచ్చేది ఈ అడగడమే. ఒక వకీలు నల్లేరు తీగ ముందు నిలబడి, తన మోకాలి నొప్పి పుట్టిన నాటి నుంచి పూసగుచ్చినట్టు చెప్పుకుంటూ పోయాడు. నల్లేరుకు అంత అక్కరలేదని ఆపవలసి వచ్చింది.

శనివారం కోడి కూతకు లేచి, నాలుగు జొన్నరొట్టెలూ వెల్లుల్లి కారమూ సద్ది కట్టుకున్నాను. యారాలికి ఇవ్వడానికి ఆరిన సుగంధి వేళ్లు కొన్ని మూటలో పెట్టుకున్నాను. మా ఆయన బండి కట్టి హఫీజ్‌పేట స్టేషన్ దాకా తీసుకొచ్చాడు. దారి ఎక్కువేమీ లేదు గాని వానలకు బాట కోసుకుపోయి ఉంది. కాలి నడకన వచ్చేవారే మా బండికన్నా ముందు చేరారు. స్టేషన్‌లో నీళ్ల కుండ తప్ప తినడానికి ఏమీ దొరకదు. ఎవరి సద్ది వారు తెచ్చుకోవడం మేలు. టికెట్టు ఇచ్చే ఆయన కిటికీలోంచి నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసి, ఒక్కటేనా అని రెండుసార్లు అడిగాడు. ఒక్కటే అని రెండుసార్లు చెప్పాను. మూడో తరగతికి అర్ధరూపాయికి లోపే అయింది, అప్పటి మా రాజ్యం నాణెం హాలీ సిక్కాలో.

ఎనిమిది గంటలకు రావలసిన బండి తొమ్మిదికి దగ్గరగా వచ్చింది. ఎక్కాక మా ఆయన కిటికీ దగ్గర నిలబడ్డాడు. అన్నకు కోపం వస్తే ఊరుకో అని చెబుతాడనుకున్నాను. "నేను రావల్సింది," అన్నాడు. బండి కదిలింది.

పెట్టెలో మనుషుల కన్నా బుట్టలు ఎక్కువ. నా పక్కన ఒక ముసలామె ఖాళీ బుట్టలు ఒకదానిలో ఒకటి దూర్చి, వాటి మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. చిట్టిగడ్డలో దిగి సీతాఫలాలు కొని, సాయంత్రం బండికి పట్నం పోయి అమ్ముతుందట. ఒక్కదానివే ఎక్కడికి బిడ్డా అని అడిగింది. లింగంపల్లి దాటేసరికి నా సంగతంతా ఆమె చేతిలో ఉంది. అడిగే తీరు అట్లాంటిది. ఎదుటి బల్ల మీద తలపాగా చుట్టుకున్న ఒకాయన వింటూ వింటూ, ఇప్పుడు పట్నంలో రాళ్లకు మస్తు గిరాకీ ఉందనీ, తోట ఎక్కడైనా పెట్టుకోవచ్చనీ సలహా చెప్పాడు. రాళ్లు కూడా ఎక్కడైనా కొట్టుకోవచ్చు గదా అన్నాను. ఆయన కిటికీలోంచి పొలాలు చూడసాగాడు.

బుట్టల ముసలామె మాత్రం ఆ మాట వదిలిపెట్టలేదు.

"నేను మా బావతోని ముప్పై ఏండ్లు మాట్లాడలే బిడ్డా. నా మాటలన్ని కడుపులనే వెట్టుకున్న. ఆయన సచ్చినంక గోరికాడికి వోయి కూసోని, ఒక్కటి ఇడ్సిపెట్టకుంట అన్ని జెప్పొచ్చిన."

"ఏడ్సినవా?"

"ఏడ్సుడేంది, తిట్టిన. ఏం ఫాయిద? ఇనేటోడు లేకపాయె. నువ్వు ఆయన బతికుండంగనే జెప్పి రా."

శంకర్‌పల్లిలో బండి చాలాసేపు ఆగింది. అక్కడ చాయ్ దొరుకుతుంది, వేడిగా ఉంటుంది, రుచి మాత్రం అడగొద్దు. నా రొట్టెల్లో రెండు ముసలామెకు ఇచ్చాను. కారం బాగా పడిందని మెచ్చుకుని, తలపాగా ఆయనకూ ఒక ముక్క ఇప్పించింది. చిట్టిగడ్డలో ఆమె దిగేటప్పుడు ఆ బుట్టలు అందించింది ఆయనే.

అక్కడి నుంచి నేల రంగు మారుతుంది. ఎర్రమన్ను, మోదుగ చెట్లు, దూరంగా అనంతగిరి గుట్ట పచ్చగా. మా మామగారి తండ్రి తోటకు మొదటి మొక్కలు తెచ్చింది ఆ గుట్ట మీది నుంచేనని ఇంట్లో చెప్పుకునేవారు. నడవగలిగిన వారు ఒక పూట ఎక్కి రావచ్చు. నాకు ఆ రోజు ఆ తీరిక లేదు.

వికారాబాద్‌లో దిగేసరికి ఎండ నెత్తికి వస్తోంది. స్టేషన్ ముందు టాంగాలు ఉంటాయి. మనిషి కొత్తగా కనబడితే ఎక్కువ చెబుతారు గనుక ముందే మాట్లాడుకోవాలి. నేను ధాన్యం అమ్మే గంజి వెనక వీధి అని చెప్పి, రోజూ వచ్చేదానిలా ఎక్కి కూర్చున్నాను. బావ అక్కడ కలప డిపోలో గుమస్తా. ఇల్లు చిన్నది. ముందు ఒక గది, వెనక వంటగది, నడుమ ఒక తలుపు.

యారాలు లచ్చమ్మను నేను అక్క అంటాను. మనిషి సన్నగా, గట్టిగా ఉంటుంది. తొందరగా నవ్వదు. నవ్వితే తొందరగా ఆగదు. నన్ను గడపలో ఒంటరిగా చూసి, ఎవరైనా పోయారా అని అడిగింది. ఎవరూ పోలేదు, పోకుండా ఆపడానికి వచ్చానన్నాను. కాళ్లకు నీళ్లిచ్చి, అన్నమూ పచ్చిపులుసూ పెట్టి, తినేదాకా ఇంకేమీ అడగలేదు. తిన్నాక చెప్పాను. ఆమె సుగంధి వేళ్లను మునివేళ్ల మధ్య విరిచి వాసన చూస్తూ కూర్చుంది. గుత్తేదారు సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

రెండు గంటలకు బావ అన్నానికి వచ్చాడు. చెప్పులు గడప దగ్గర విడిచాడు. నేను తలుపు చాటుకు పోయి కొంగు నెత్తి మీదికి లాక్కున్నాను. ఆయన తిని చెయ్యి కడుక్కునే దాకా ఆగి, అక్క చెప్పింది, తోట సంగతి మాట్లాడటానికి చెల్లె వచ్చిందని.

నడుమ ఉన్నది ఒక్క చెక్క తలుపు. ఆయన దగ్గినా నాకు వినబడుతుంది, నేను ఊపిరి పీల్చినా ఆయనకు వినబడుతుంది. అయినా ఆయన చెప్పింది అక్క వచ్చి నాకు చెప్పేదాకా నేను విననట్టే నిలబడాలి. తమ్ముడు రాకుండా ఆడమనిషి వచ్చిందేమిటో అడుగు అన్నాడు. అక్క రెండడుగులు ఇవతలికి వచ్చి, ప్రయాణం బాగా జరిగిందా అని బావ అడుగుతున్నాడంది. బాగానే జరిగింది, తోటలో రాళ్లు కొట్టనివ్వనని చెప్పు అన్నాను. ఆమె అటు తిరిగి, చెల్లె తోట గురించి కొంచెం పరేషాన్‌లో ఉందని చెప్పింది.

"నేను చెవిటోన్ని గాదు," అన్నాడు బావ. "ఏమన్నదో ఇన్న. నా పాలు నేను ఎట్లన్న జేసుకుంట, అడిగేటందుకు ఆమె ఎవరని అడుగు."

అక్క నా వైపు తిరిగి, "నీ ఒంట్లె బాగున్నదా అని అడుగుతున్నడు," అంది.

ఆమె ఇద్దరి మంచీ కోరే అలా చేసింది, నాకు తెలుసు. ఇరవై ఏళ్లూ మా ఇళ్ల మధ్య మాటలు అట్లాగే నడిచాయి. ఆయన కారం ఆమె దగ్గర ఆగిపోయేది, నా కారం ఆమె దగ్గర ఆగిపోయేది, అవతలికి చేరేది చప్పటి మాట. పండుగలకూ పబ్బాలకూ అది చాలు. కాని బుధవారం గుండ్లు పగలబోతున్నాయి. నేను కొంగు తీయలేదు గాని గడప దాటి ముందు గదిలోకి వచ్చి నిలబడ్డాను.

"బావా, నడుమ అక్కను వెట్టుకోని ఇరువై ఏండ్లు మాట్లాడినం. ఇయ్యాల నాకు అంత తీరిక లేదు."

బావ మంచం మీద నుంచి లేచాడు. లేచి ఏం చేయాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. గోడ వైపు తిరిగి, ఊర్లో అందరూ నవ్వుతున్నారని గోడకు చెప్పాడు. మందుల తోటను తమాషా చేశారట, అన్నం పెట్టి పైసలు తీసుకునే ఇల్లయిందట, ఎవరెవరో వచ్చి తన తండ్రి నడిచిన చోట నడుస్తున్నారట.

"నవ్వేటోళ్లను గూడ రమ్మను," అన్నాను. "నవ్వితే దప్పికైతది. సుగంధి నీళ్లు పోస్త."

తర్వాత నేను చాలా మాట్లాడాను. అన్నీ ఇక్కడ రాయను. వైద్యులు కొనడం మానేశాక ఆ మొక్కల పేరు పలికే మనుషులే లేకుండా పోతున్నారని చెప్పాను. పేరు పలికేవారు లేని మొక్క గడ్డితో సమానమై, ఎవరో ఒకరి పారకు పోతుందని చెప్పాను. ఇప్పుడు పట్నం పిల్లలు అడ్డసరం ఏదో నేలవేము ఏదో చూపిస్తున్నారు, పోయి వాళ్ల వాళ్లకు చెబుతున్నారు, దానికి తిండి ఖర్చు తీసుకుంటే సిగ్గెందుకని అడిగాను. ఆయన గోడ వైపే ఉన్నాడు. పాలు తనది, హక్కు తనది అన్నాడు.

"నీ పాలు నీదే. కాదంటలేను. కాని అడగకుంట మొక్క పీకినోళ్లు మన ఇంట్ల ఎవ్వరు లేరు. గుత్తేదారు వచ్చే ముందునాడు పొద్దుగూకంగ నువ్వు రా. నీ పాలల్ల ఉన్న మొక్కల ముంగట ఒక్కొక్కదాని కాడ నిలబడు. బియ్యపు గింజలు నేనిస్త. ఎవరి బాధకు తీస్తున్నవో పేరు జెప్పి అడుగు. పిలక ఏడ నాటుతవో గూడ జెప్పు."

ఆయన గోడ పెచ్చును గోటితో గీకసాగాడు.

"ఎవరి పేరు జెప్తవు బావా? గుత్తేదారు పేరా? ఆయనకు బాధ ఏందని జెప్తవు?"

అవన్నీ పాతకాలపు మాటలన్నాడు. గొంతు మాత్రం ముందటంత గట్టిగా లేదు. అట్లయితే ఇంకా సులువు, అడగకుండానే పీకు, నేను అక్కడే నిలబడి చూస్తాను అన్నాను. అక్క తలుపుకు ఆనుకుని ఉంది. ఇద్దరి మాటలూ సూటిగా పోతుంటే ఆమెకు చేయడానికి పని లేకుండా పోయింది. బావ లేచి, నా పక్కనుంచి తల వంచుకుని బయటికి వెళ్లాడు. ఆయన చాలా దూరం పోయాక చూశాను, చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి.

ఆ రాత్రి అక్కడే ఉన్నాను. ఆయన పొద్దుపోయి వచ్చి తిని పడుకున్నాడు. గెలిచానో ఓడానో తెలియలేదు. తెలియకపోయినా ఒకటి మాత్రం నిశ్చయించుకున్నాను. గుర్తు పెట్టే సున్నం డబ్బా ఏ గుండు దగ్గరికి వస్తే ఆ గుండుకు వీపు ఆనించి కూర్చుంటాను. నా మీద సున్నం పూయమంటాను.

ఆదివారం పొద్దున నేను మూట కట్టుకునేసరికి, అక్క కూడా ఒక మూట కట్టింది. నా కోసం ఏమో ఇస్తోందనుకున్నాను. తన చీరలు. బావ వరండాలో పళ్లు తోముకుంటున్నాడు. అక్క ఆయనతో మామూలుగా చెప్పింది.

"అన్నం వండి వెట్టిన. రేపటి సంది నువ్వే వండుకోవాలె. నేను అలిగి పోతలేను. మీ తోటకు పట్నమోళ్లు సుట్టాలోలె వస్తున్నరట గద, నేను గూడ ఒక సుట్టాన్నై పోతున్న."

ఎప్పుడొస్తావని ఆయన అడిగాడు. వావిలాకు నీళ్లతో ఒళ్లు నొప్పులు ఎప్పుడు తగ్గితే అప్పుడంది. పెళ్లయిన నాటి నుంచి ఉన్న నొప్పులట. ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేనంది.

స్టేషన్‌కు నడిచే పోయాం. హఫీజ్‌పేట వైపు పొద్దుటి బండి తొమ్మిదింటికి. సీతాఫలాల రోజుల్లో ఆ బండికి ముందే పోవాలి, లేకుంటే బుట్టల మీద కూర్చోవలసి వస్తుంది. మేము పోయి కిటికీ పక్కన కూర్చున్నాం. గార్డు జెండా తీస్తుండగా బావ కనబడ్డాడు. వేగంగా వచ్చినట్టున్నాడు, చొక్కా చెమటకు తడిసింది. పెట్టెలన్నీ చూసుకుంటూ వచ్చి మా కిటికీ దగ్గర ఆగాడు. అక్కను దించడానికి వచ్చాడనుకుని ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆయన అక్కతో మాట్లాడలేదు.

"రాజవ్వా," అన్నాడు. ఆ ఇంటి కోడలిని అయ్యాక ఆయన నోట నా పేరు వినడం అదే మొదటిసారి. "మంగళవారం పొద్దుగూకె వరకు వస్త. ఒక్కన్నే వస్త."

"గుత్తేదారో?"

"మొక్కల ముంగట నిలబడి జూస్త. అడిగేటందుకు నోరొస్తే ఆయన బుధవారం వస్తడు. రాకపోతే రాడు."

మొహం అప్పుడే సరిగ్గా చూశాను. మా ఆయన మొహమే, పదేళ్లు పెద్దది. జాలి కలిగింది. జాలి కలిగినా మాట తగ్గించలేదు.

"నోరు వచ్చినా రాకపోయినా నేను గుండ్ల కాడనే ఉంట బావా. అది గూడ ఆయనకు జెప్పు," అన్నాను.

ఆయన తల ఊపాడు. ఏ మాటకు ఊపాడో అడిగేలోపు బండి కదిలింది.

చిట్టిగడ్డ దాకా అక్క మూట ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టి లింగంపల్లి దాకా ఆపలేదు. ఇటు మాట అటూ అటు మాట ఇటూ మోసి మోసి తనకు సొంత మాట ఒకటి ఉందన్న సంగతే మరిచిపోయానంది. తోటలో వంట తనకు అప్పజెప్పమంది. జొన్నరొట్టె నేను మందంగా చేస్తానట, పట్నం వాళ్ల పళ్లకు అది పనికిరాదట. ఇంకా రాకముందే నా వంటకు వంకలు పెడుతోంది. పెట్టనీ అనుకున్నాను. ఆ చేతి రొట్టె నిజంగానే నా రొట్టె కన్నా మేలు.

వికారాబాద్‌లో ఏం చూశావని తర్వాత చాలామంది అడిగారు. గుట్ట ఎక్కలేదు, గుడి చూడలేదు, బజారులో తిరగలేదు. ఒక తలుపూ, ఆ తలుపుకు రెండు పక్కలా ఇరవై ఏళ్లు నిలబడిపోయిన మనుషులనూ చూశాను. దాటితే అది చాలా చిన్న గడప. దాటేదాకా అది నాకు తెలియదు. మళ్లీ అవసరం పడితే మళ్లీ దాటుతాను. ఎవరి గడపైనా సరే.

మధ్యాహ్నానికి ముందే హఫీజ్‌పేటలో దిగాం. పట్నం నుంచి వచ్చే బండి కూడా అప్పుడే వచ్చి ఆగింది. ఆదివారం గనుక చుట్టాల కోసం మా ఆయన బండి కట్టుకుని వచ్చాడు. వదినె మూటతో దిగడం చూసి ఆయన పగ్గాలు వదిలేసి ముందుకు వచ్చాడు. అడగాలనుకున్నవన్నీ నా మొహంలోనే వెతుక్కుంటున్నాడు. పట్నం బండిలోంచి దిగిన ఒక పెద్దాయనా ఆయన భార్యా పరుపుచుట్టతో మా దగ్గరికి వచ్చారు. మూలికల తోట వాళ్లు మీరేనా అని పెద్దాయన అడిగాడు. అక్కడ గుండ్లు కొట్టేస్తున్నారనీ తోట ఉండదనీ బండిలో ఎవరో అన్నారట. ఇంత దూరం వచ్చాం, ఉందో లేదో చెప్పమన్నాడు.

"ఉన్నది. బండెక్కుండ్రి," అన్నాను.

పెద్దావిడకు కీళ్ల నొప్పులట. బండి ఎక్కడానికి అక్క చెయ్యి అందించింది. పెద్దాయన కొంచెం మొహమాటపడుతూ, ఒక్క రోజుకని రాలేదనీ, మీకు ఇబ్బంది లేకపోతే బుధవారం దాకా ఉందామనుకున్నామనీ చెప్పాడు.

"బుధవారం తప్పకుండ ఉండుండ్రి," అన్నాను. "ఆ రోజు తోటల ఎంతమంది ఉంటే అంత మంచిది."